పియానో మీది తెల్లమచ్చలు

వైకుంఠరావుకి తన ముక్కు మీద ఉన్నంత గురి కట్టుకున్న పెళ్ళాం మీద కూడా లేదు. కళ్ళదేముంది, ట్యూబ్‌లైటు వెలుతురులో మామిడిచెక్క కూడా టేకులా నటిస్తుంది, ముక్కు దగ్గర మాత్రం ఏ చెక్కా నటించలేదు అనేవాడు. బరంపురంలో చేత్తో పాలిష్ పట్టేవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. అందరూ స్ప్రే మిషన్లు కొనుక్కుని, బల్లకీ బీరువాకీ ప్లాస్టిక్ తొడుగు తొడిగినట్టు ఒకటే మెరుపు మెరిపిస్తున్నారు. పాతకాలపు ఉయ్యాలబల్లో, గంధపు పెట్టో ఎవరింట్లో బయటపడినా కబురు చివరికి వైకుంఠరావు దగ్గరికే వచ్చేది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలియడంతోనే వచ్చింది చిక్కంతా.

ఆ మంగళవారం ఊళ్ళోనే ఉన్న లంజిపల్లి నుంచి తాతారావు సావుకారు కబురుపెట్టాడు. సావుకారుది చింతపండు, ఎండుమిర్చి టోకు వ్యాపారం. అతని తాత ఎప్పుడో గోపాల్‌పూర్‌లో ఒక దొర బంగళా సామాను వేలం వేస్తుంటే నలుగురిలో గొప్ప కోసం ఒక పియానో కొని ఎడ్లబండి మీద తెచ్చాడు. ఆ ఇంట్లో దాన్ని వాయించినవాడు ఇంతవరకూ పుట్టలేదు. మీద పెళ్ళి ఫొటోలూ, బట్టపూల కూజా పెట్టుకుని కాలం గడిపారు. ఇప్పుడు అదే గోపాల్‌పూర్‌లో కొత్తగా లేస్తున్న ఒక హోటలువాళ్ళు కొంటామన్నారు. వాళ్ళది ఒకటే షరతు, దొరల నాటి పాలిష్ అలాగే ఉండాలి. గీకి కొత్తది పూస్తే మాకొద్దు అన్నారు. ఆదివారం చూడ్డానికి వస్తారు.

వైకుంఠరావు హాల్లో పియానో ముందు గొంతుక్కూర్చుని, ముందు మూత ఎత్తి, లోపల ఎవరికీ కనపడని మూల వెతికాడు. సంచీలోంచి సీసా తీసి దూది ఉండని స్పిరిట్‌లో ముంచి, రెండు వేళ్ళతో పిండి, ఆ మూలన అద్ది పట్టుకున్నాడు. కాసేపటికి తీసి చూస్తే దూదికి తేనెరంగు అంటింది. చెక్క మీద వేలు పెడితే బంకగా తగిలింది.

"లక్క పాలిషు సావుకారూ" అన్నాడు, ఆ ముక్క చెప్పడానికే పుట్టినట్టు. "వార్నీషయితే స్పిరిట్టుకి లొంగదు. ఇప్పటి మిషను లాకరు పూతయితే కరగడానికి థిన్నరు గావాల. ఇది అసలు సిసలు లక్క. దొరలు ఎల్లిపోనారు గాని ఈ పూత ఎల్లలేదు."

"మరి పైన ఈ తెల్లదనం ఏటయ్యా? బూజు పట్టినట్టు?" అన్నాడు తాతారావు.

పైమూత మీద నిజంగానే తెల్లటి మచ్చలు గుంపుగా పొడుచుకొచ్చి ఉన్నాయి. కిటికీ తెర వేసి ఉంది. పక్కింటి మాధవి, బ్యాంకు గుమాస్తా గారి భార్య, కరివేపాకు కోసం వచ్చి చోద్యం చూస్తూ నిలబడింది. సావుకారు భార్య వాసవీకుమారి నడుం మీద చేయివేసుకుని తీర్పు కోసం చూస్తోంది. ఇంతమంది చూస్తుంటే తెర తీయమని అడగడం, దీపం తెమ్మనడం వైకుంఠరావుకి చిన్నతనం అనిపించింది. అరచెయ్యి మచ్చల మీద రాసి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

"స్పిరిట్టు" అన్నాడు. "ఎవులో మందుగుడ్డెట్టి తుడిసినారమ్మా. లక్కకి అది యమపాశం."

ఇంకేముంది. వాసవీకుమారికి ఆ 'ఎవులో' ఎవరో క్షణంలో తెలిసిపోయింది. "ఏమే చిట్టీ!" అని పెరట్లోకి కేకేసింది. "అద్దాలు తుడిచే నీలం మందు ఉంది కదండీ, అదే కొట్టుంటుంది. చేపలు ఎండబెట్టుకునే వాళ్ళకి పియానో అంటే ఏటి తెలుస్తుంది?"

చిట్టమ్మ అంట్ల దగ్గర్నుంచి లేచొచ్చి గుమ్మం దగ్గరే ఆగింది. చేతులకి సబ్బునురగ ఇంకా ఉంది. సముద్రపొడ్డునున్న ఆర్యపల్లి మనిషి. సావుకారి తల్లి బతికున్న రోజుల నుంచీ ఆ ఇంట్లో అంట్లు, చీపురు, హాలు తుడవడం ఆమెవే. ఆ వీధిలో మరి మూడిళ్ళు కూడా ఆమె చేతి కిందే నడుస్తాయి. సంగతి వినగానే, "నాను సెప్తానమ్మా, ఏటంటే..." అని మొదలుపెట్టింది.

"నోర్ముయ్. ఇంత పెద్ద మిస్త్రీ వాసన చూసి చెప్తుంటే నీ కతలు ఎవరికి?"

చిట్టమ్మ వైకుంఠరావు వైపు చూసింది. అప్పుడైనా ఊరుకున్నాడా? లేదు. పెద్ద మిస్త్రీ అన్నారు కదా, ఛాతీ పొంగింది. "మనిసి అబద్దమాడొచ్చు గాని సెక్క ఆడదమ్మా" అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఎన్నిసార్లు విన్నాడో తన జన్మలో! ఆ సామెత అప్పుడు ఎక్కడికి పోయిందో.

"రేపట్నుంచి పనిలోకి రాకు" అంది వాసవీకుమారి. చిట్టమ్మ చీర చెంగుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. వెనక గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. కాసేపటికి వీధిలో కూరల బండి వచ్చింది. వాసవీకుమారి సంచీ పట్టుకుని వెళ్ళి, వంకాయలు ఏరుతూ, పియానోని నాశనం చేసిన చిట్టమ్మ కథ వీధి ఆడవాళ్ళందరికీ చెప్పింది. సంచీ సర్దుకుని బయటికి వస్తున్న వైకుంఠరావుని వేలుపెట్టి చూపించి, "అదుగో, మిస్త్రీయే వాసన పట్టాడు" అంది. అతను తల ఊపి సైకిలెక్కాడు.

మర్నాడు పొద్దున్నే పనిలోకి దిగాడు. హాల్లో ఎవరూ లేరు. వెలుతురు కావాలి కాబట్టి ఈసారి తెర తీశాడు. సబ్బునీళ్ళలో తెల్లటి మెత్తగుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి, పేరుకున్న మురికి పైపైన తీయడం మొదటి పని. మూత మీద ఒక చివర్నుంచి మెల్లగా రాసుకుంటూ మచ్చల దాకా వచ్చాడు. గుడ్డ తిప్పి చూస్తే ఎర్రగా ఉంది.

వేలు తెగిందేమో అనుకున్నాడు. తెగలేదు. మళ్ళీ కొత్త మడతతో రాశాడు. మళ్ళీ ఎరుపు. మచ్చలు లేనిచోట రాస్తే మామూలు నల్లమురికి. మచ్చల అంచున రాస్తే మాత్రం కుంకం అద్దినట్టు ఎరుపు. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని తెలియని వాడెవడు? పెళ్ళిలో పసుపు పడ్డ చొక్కా ఇంట్లో ఉతికినప్పుడల్లా చూసేదే.

 వైకుంఠరావు వంగి, కిటికీ వెలుతురు మూత మీద ఏటవాలుగా పడేలా తల పక్కకి పెట్టి చూశాడు. గుడ్డతో తుడిస్తే చారలు ఉండాలి. చారలు లేవు. అన్నీ గుండ్రటి బొట్లు, పెద్దవీ చిన్నవీ, చేత్తో విదిలిస్తే పడినట్టు. స్పిరిట్ గనక తగిలితే లక్క కరిగి ముడతలు పడాలి, లోపలి చెక్క బయటపడాలి. ముడతలు లేవు. దూది మీద గుడ్డ చుట్టి, తడి ఉందా లేదా అన్నంత స్పిరిట్ పట్టించి, చివరనున్న ఒక బొట్టు మీద ఈకతో తాకినట్టు ఒక్కసారి పోనిచ్చాడు. తెలుపు ఎగిరిపోయింది. కింద పాత పూత చెక్కుచెదరకుండా తేనెలా నిగనిగలాడుతోంది. పూత మీద నీళ్ళు నిలిచి ఆరితే వచ్చే తెలుపు అది. నీళ్ళ మచ్చకీ స్పిరిట్ మచ్చకీ తేడా తెలియకపోతే ఈ పనిలోకి రానే కూడదు.

మరి నిన్న ఆ వాసన?

మచ్చ మీద చేయి రాసి వాసన చూశాడు. స్పిరిట్. కిటికీ ఊచ పట్టుకుని వాసన చూశాడు. స్పిరిట్. గోడ, తెర, చివరికి సంచీలో భార్య సీతాలు కట్టిచ్చిన రొట్టె కూడా స్పిరిట్. తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిన్న లోపలి మూల తడిపిన వేళ్ళతోనే కదా మచ్చలు తడిమింది! అవే వేళ్ళు కదా ముక్కు దగ్గర పెట్టుకుంది! తన చేతి కంపుని తనే పీల్చి, దాన్ని తీసుకెళ్ళి ఒక ఆడమనిషి నెత్తిన రుద్దాడు. 

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని సంగతంతా భార్యతో చెప్పాడు. సీతాలుది పాత్రపూర్ పక్క పల్లె. మొగుడనీ మిస్త్రీ అనీ చూసే మనిషి కాదు.

"నువ్వు జాజిపూలు తెచ్చినా నాకు స్పిరిట్టు కంపే కొడతాది. నీ ముక్కు ఎప్పుడో సచ్చిపోనాది, నువ్వే ఎరగవు. సచ్చిన ముక్కు మాట ఇని ఒక ఆడదాని కూడు తీసేసినావా?"

"నాను తీసీలేదే. ఆయమ్మ తీసింది."

"కత్తి ఆయమ్మది. నూరిచ్చింది నువ్వు కాదేటి?" అంది సీతాలు, చారు గరిట గిన్నెలో కొట్టి.

గురువారం పొద్దున సావుకారు దుకాణానికి బయల్దేరుతుంటే వైకుంఠరావు గుమ్మంలోనే ఆపాడు. ఎర్రబడ్డ గుడ్డ చూపించాడు. తను తప్పు చెప్పానని, ఆ మచ్చలు పసుపునీళ్ళవని, చిట్టమ్మకి ఇందులో ఏ పాపమూ లేదని చెప్పాడు.

తాతారావు పళ్ళపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు. "మచ్చలు పోతాయా?"

"పోతాయి సావుకారూ. పైపైనే ఉన్నాయి."

"మరింకేటి? ఆదివారానికి పియానో తళతళలాడాలి, అంతే. కొత్త పనిమనిషి కూడా కుదిరిపోయింది. వెళ్ళిన చిట్టమ్మ ఊరుకుంది, పంపిన మేము ఊరుకున్నాం. కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

"ఊరుకోలేదు సావుకారూ. ఈదిలో మరి మూడిళ్ళోలు కూడా ఆమెని మానిపించీసినారట. కూరల బండోడే సెప్పినాడు."

లోపల్నుంచి వాసవీకుమారి వచ్చింది. పసుపు అన్న మాట చెవిన పడగానే ఆమె మొహం జేవురించింది. "పసుపునీళ్ళు పడితే పాడవుతుందా? ఏటి మాట్లాడుతున్నావు? గుమ్మాలకి రాస్తాం, మొహానికి రాసుకుంటాం, మనకేమైనా అయిందా? నువ్వే కదయ్యా నలుగురి ముందు స్పిరిట్ అన్నావు. ఇప్పుడు మాట మార్చి నేను శుక్రవారం జల్లే నీళ్ళ మీద పెడతావా?"

చూశారా, అన్న మాట ఎలా వచ్చి మెడకి చుట్టుకుందో! అతని తప్పు వాళ్ళకి గొడుగైపోయింది. ఎవరేమడిగినా దాని కిందే నిలబడతారు, వాన వాళ్ళ మీద పడదు. వైకుంఠరావుకి ఒళ్ళు మండిపోయింది. సావుకారు మీద కొంత, అమ్మగారి మీద కొంత. మిగిలినదంతా తన మీదే, అది ఎక్కువ.

మధ్యాహ్నం పని ఆపేసి ఛత్రపూర్ బస్సెక్కాడు. అక్కణ్ణుంచి ఆటోలో ఆర్యపల్లి. అడిగి కనుక్కుని వెళ్తే, చిట్టమ్మ ఉంటున్న వాళ్ళ అక్క ఇంటి ముందు ఇసకలో వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. చిట్టమ్మ వాటి మధ్య కూర్చుని ఒక్కొక్క చేపనీ తిరగేస్తోంది. అతన్ని చూసింది, చెయ్యి మాత్రం ఆపలేదు.

"సిట్టమ్మా, నాను తప్పు సెప్పినాను" అన్నాడు, చెప్పులు విడిచి నిలబడి. "అవి స్పిరిట్టు మచ్చలు కావు. సబ్బెట్టి సూసినాను. నీ తప్పేటీ లేదు."

"నా తప్పు లేదని నాకు తెల్దేటి?" అంది చిట్టమ్మ. ఒక వరస అయిపోతే రెండో వరసలోకి జరిగింది. "ఆ మాట నాకు సెప్పడానికి ఇంత దూరం వొచ్చినావా?"

"మనసు ఊరుకోలేదు."

"నీ మనసు ఊరుకోడానికా వొచ్చినావు. నన్ను తరిమినప్పుడు ఈదంతా ఇన్నాది. ఇక్కడ సముద్రం తప్ప ఇనీవోల్లు ఎవులున్నారు? పని పోతే పోనాది బాబూ, సేతులున్నాయి. మాధవమ్మగారు నన్ను సూసి తలుపేసుకున్నాది. ఆల్ల పిల్లకి నీళ్ళోసింది నాను. అది రేపూ మాపూ నిద్ర పట్టనియ్యదు." చేతిలోని చేపని బోర్లా పడేసింది.  "ఎల్లు. నన్ను పిలవాలంటే ఆయమ్మ పిలవాల. సెప్పాలంటే ఆడ సెప్పాల."

తిరుగు బస్సులో వైకుంఠరావుకి కిటికీ పక్క సీటు దొరికింది. సముద్రపు గాలి మొహాన కొడుతుంటే కూడా అతనికి చేతుల వాసనే వచ్చింది.

శుక్రవారం అతను పియానో పక్కలకీ కాళ్ళకీ పాలిష్ పట్టడం పూర్తిచేశాడు. గుడ్డముద్దతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ఆరనిచ్చి, మళ్ళీ చుడుతూ పనిలో పడితే ప్రపంచం గుర్తుండేది కాదు అతనికి. ఆరోజు మాత్రం ప్రతి సున్నాలోనూ చిట్టమ్మ చీర చెంగుతో వేళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. పైమూత ఒక్కటే ముట్టుకోకుండా ఉంచాడు.

వాసవీకుమారి తలంటుకుని, ఇత్తడి చెంబులో పసుపునీళ్ళు, మామిడాకుల కొమ్మ పట్టుకుని వచ్చింది. గుమ్మం మీద జల్లింది, ఇనప్పెట్టె మీద జల్లింది, టీవీ మీద రెండు చుక్కలు జల్లింది. పియానో దగ్గరికొచ్చి ఒక్క నిమిషం ఆగింది. వైకుంఠరావు కళ్ళలోకి చూస్తూ, కొమ్మని చెంబులో నిండా ముంచి, పైమూత మీద టపటపా విదిలించింది. ఒక బొట్టు అతని చేతి మీద కూడా పడింది.

మూడు రోజుల నుంచీ మింగుతున్నది అప్పుడు పైకి వచ్చింది. గుడ్డముద్ద డబ్బాలో పెట్టి మూత బిగించాడు. "అమ్మగారూ, ఈ మచ్చలు నాను తియ్యను."

"ఏటన్నావు?"

"సిట్టమ్మని మీరే పిలవండి, మీ నోటితో పిలిస్తేనే వొస్తాదట. ఆమె ఎదురుగుండ, మాధవమ్మగారి ఎదురుగుండ సబ్బెట్టి సూపించి అప్పుడు తీస్తాను. అంతవరకూ ఆ బొట్లు అలాగే ఉంటాయి."

సాయంత్రం తాతారావు వచ్చి ముందు నవ్వాడు, తర్వాత అరిచాడు, తర్వాత ఇంకో మిస్త్రీని పిలుస్తానన్నాడు. పిలవండి సావుకారూ, ఆడు మిషనెట్టి కొడితే దొరల పాలిషు మిషను పాలవుద్ది, ఆదివారం హోటలోలు మొహం సూడకుండా ఎల్తారు అన్నాడు వైకుంఠరావు. గొంతు పెంచలేదు. తాతారావు వ్యాపారి. ఎంతటి అహం ఎక్కడ అమ్ముడుపోతుందో తెలిసిన మనిషి. భార్య వైపు చూసి, "ఆ చిట్టమ్మకి ఫోన్ చెయ్యి. నీ గొంతే వినపడాలిట" అన్నాడు. వాసవీకుమారి ఫోన్ తీసుకుని, గోడవైపు తిరిగి, చిట్టమ్మని రమ్మని చెప్పింది. ఆ ఒక్క మాటకి ఆమెకి చాలాసేపు పట్టింది.

శనివారం పొద్దున చిట్టమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అలవాటు ప్రకారం వెనక గుమ్మం వైపు వెళ్ళబోయి, ఆగి, వెనక్కి తిరిగి వీధి గుమ్మంలోంచి హాల్లోకి వచ్చింది.  మాధవి సోఫా అంచున కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటోంది.

వైకుంఠరావు తెల్లగుడ్డ సబ్బునీళ్ళలో ముంచి పిండి, మచ్చల మీద రాసి, విప్పి పట్టుకున్నాడు. గుడ్డ ఎర్రబడింది.

"అయ్యో, కుంకంలా ఉందే!" అంది మాధవి.

"పసుపమ్మా. నీళ్ళల్లో కలిపి జల్లిన పసుపు. నా సేతికున్న స్పిరిట్టు వాసన నానే సూసుకుని సిట్టమ్మ మీదికి తోసీసినాను. తప్పు నాది."

"అయితే ఏటి?" అంది వాసవీకుమారి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి సిగ్గుతోనో రోషంతోనో ఆమెకే తెలియాలి. "దొరలు ఏం తినీ ఏం తాగీ దాని మీద చేతులేశారో. శుక్రవారం పసుపునీళ్ళు జల్లకుండా దాన్ని ఇంట్లో ఎలా పెట్టుకుంటాం? మా అత్తగారు జల్లారు, నేనూ జల్లుతున్నాను. ఇన్నేళ్ళూ లేని మచ్చలు ఇప్పుడే ఎందుకొచ్చాయి మరి?"

వైకుంఠరావు మళ్ళీ మూత మీదికి వంగాడు. నిజమే, అత్తగారి నాటి నుంచీ జల్లుతుంటే ఈపాటికి మూత మొత్తం పాలిపోయి ఉండాలి. ఈ బొట్లు చూస్తే నిన్నమొన్నటివి. తలెత్తి, ఆ హాల్లో ఇన్నేళ్ళు ఈ చెక్కని రోజూ ముట్టుకున్న ఒకే ఒక్క మనిషి వైపు చూశాడు.

"సిట్టమ్మా, నువ్వు దీన్ని ఏటెట్టి తుడిసీదానివి?"

 చిట్టమ్మ పియానో దగ్గరికి నడిచి మూత మీద అరచెయ్యి ఆనించింది.

"ఈ ముక్క మంగళారం అడిగుంటే సరిపోను బాబూ. సెక్కని అడిగినావు, దూదిని అడిగినావు, నీ ముక్కుని అడిగినావు. నన్నడగలేదు. సెప్పబోతే అమ్మగారు నోరు ముయ్యన్నారు." ఆమె వాసవీకుమారి వైపు తిరిగింది. "పెద్దమ్మగారు సెంబట్టుకుని జల్లుకుంటూ ఎల్తంటే, నాను ఎనకాలే పొడిగుడ్డట్టుకుని అద్దుకుంటూ ఎల్లీదాన్ని. ఆవిడే నేర్పినారు. జల్లీది దేవుడికే, తుడిసీది సెక్కకే అనీవోరు. ఆవిడ పోయినాక కూడా మీరు జల్లిన ప్రతి సుక్కరారం తుడిసినాను. మొన్న దసరాకి మీరే తిట్టినారు గదమ్మా? ఆరకుండా పసుపునీళ్ళు తుడిసీస్తే లచ్చిమి ఎలిపోద్ది, ముట్టుకోకే అన్నారు. ముట్టుకోడం మానీసినాను. దసరా ఎనకనుంచే ఈ బొట్లు."

 వైకుంఠరావు ఆ అరచెయ్యి కింద మెరుస్తున్న మూతని చూశాడు. హోటలువాళ్ళు మోజుపడుతున్న పూత, తను మొదటిరోజు దొరల పేరు చెప్పి మురిసిపోయిన పూత, ఇన్నేళ్ళు నిలిచింది ఈమె పొడిగుడ్డ వల్ల! దాన్ని పాడుచేసిందన్న నింద ఈమె మీదే వేసి పంపారు. వేయించింది తను. ఇలాంటి అన్యాయం తన చేతుల మీదుగా జరిగిందని తలచుకుంటే అతనికి ఆ చేతుల్ని ఎక్కడైనా వదిలేసి పోవాలనిపించింది.

వాసవీకుమారి కొంగుతో కళ్ళొత్తుకుంది. "సరేలే, అయిందేదో అయింది. ఆ కొత్తదానికి ఏదో చెప్పుకుంటాను. నువ్వు రేపట్నుంచి వచ్చెయ్యి" అంది, మిగిలిన కూర గిన్నెలో వేసి ఇస్తున్నట్టు.

"పని సంగతి తరవాతమ్మా. నా పేరు మీరు కూరల బండి కాడ తీసినారు. ఆడికొచ్చి ఈ మాట సెప్పండి."

"నేనా? బండి దగ్గర నిలబడి నీ గురించి చెప్పాలా?"

"సెడ్డ సెప్పినప్పుడు నిలబడ్డారు గదమ్మా."

వాసవీకుమారి మొహం తిప్పుకుంది. తాతారావు గడియారం చూసుకున్నాడు. వీధిలో కూరల బండి లక్ష్ముడి కేక వినపడింది, బెండకాయలు, బచ్చలికూర అంటూ. వైకుంఠరావు చేతిలో ఉన్న ఎర్రగుడ్డ అలాగే పట్టుకుని గుమ్మం దిగాడు. వెనకే చిట్టమ్మ, ఆ వెనక మాధవి.

బండి చుట్టూ అప్పటికే ఆడవాళ్ళు మూగి ఉన్నారు. జీవితంలో ఎన్నడూ ఆడవాళ్ళ గుంపులో నోరెత్తని మనిషి, అందరికీ వినపడేలా చెప్పాడు. "అమ్మలారా, మంగళారం నన్ను సూపించి ఒక మాట సెప్పినారు మీకు. ఆ మాట అబద్దం. పియానో పాడుసేసింది సిట్టమ్మ కాదు. దాన్ని కాపాడిందే సిట్టమ్మ. నాను ముక్కు మీద గర్వంతో తప్పు కూసినాను."

బెండకాయ తుంచబోతున్న ఒకావిడ ఆగిపోయింది. "నిప్పు లేందే పొగ రాదంటారు. మరి ఆ మచ్చలు ఎవరు చేశారయ్యా?"

వైకుంఠరావు వెనక్కి చూశాడు. గేటు దగ్గర వాసవీకుమారి నిలబడి ఉంది. ఒక చెయ్యి గేటు ఊచ మీద, తల సగం లోపలికి. ఒక్క క్షణం జాలేసింది. ఆదివారం తర్వాత కూడా ఈ వీధి వాళ్ళే తనకి పని ఇవ్వాలని కూడా గుర్తొచ్చింది. కానీ మంగళవారం చిట్టమ్మ మీద ఎవరికి జాలేసిందని?

"సావుకారమ్మగారు సుక్కరారం జల్లిన పసుపునీళ్ళు. తుడవనీకుండా ఆపింది కూడా ఆవిడే" అన్నాడు.

గేటు మూసుకున్న చప్పుడు అయింది. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందుగా మాధవి తేరుకుంది. చిట్టమ్మ మోచెయ్యి పట్టుకుని, "ఏదో చెప్పుడు మాట విన్నాను చిట్టమ్మా, మనసులో పెట్టుకోకు. రేపొద్దున వచ్చెయ్యి. పాపకి నువ్వు పోస్తేగాని స్నానం అవట్లేదు" అంది. వెనకనుంచి ఇంకొకావిడ, మా ఇంటికి కూడా, అంది. ఇంకొకావిడ, ముందు మా ఇంటికి, అని నవ్వబోయి మానేసింది.

చిట్టమ్మ మోచెయ్యి మెల్లగా విడిపించుకుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. వైకుంఠరావు వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఆమెకేముంది?

"ఆలోసించుకుని కబురెడతానమ్మా" అంది.

పని అడుక్కోవడానికి ఎండలో గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళకి ఆ వీధి అమ్మగార్లు ఇన్నాళ్ళూ చెప్పి పంపేసే మాట అది. ఛత్రపూర్ బస్సుకి వేళవుతోందని చిట్టమ్మ రోడ్డు వైపు నడిచింది. మాధవి ఖాళీ సంచీ పట్టుకుని ఆమె మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉంది.